ఉపదేశి నుంచి బిషప్పు దాకా

తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్రను చాలాకాలం మిషనరీ దొరల పేర్లతోనే చెప్పుకుంటూ వచ్చాం. 1841లో బందరులో దిగిన నోబుల్, ఫాక్స్. 1842లో గుంటూరు చేరిన హయ్యర్. ఒంగోలు క్లౌ దొర. వాళ్ల పేర్లున్న బడులూ ఆస్పత్రులూ ఉన్నాయి, వాళ్లు రాసిన ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి. అయితే పల్లెలకు పల్లెలు కదిలిన రెండుచోట్లా ముందు నడిచినవాళ్లు ఏ మిషను తయారుచేసిన మనుషులూ కారు.

కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య మాలపల్లె మనిషి. డార్లింగ్ దొరను కలవకముందే విగ్రహాలు విడిచిపెట్టి, పేరు తెలియని దేవుణ్ణి ప్రార్థిస్తూ ఉండేవాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాక తనవాళ్లనూ చుట్టుపక్కల పల్లెలనూ కూడగట్టింది అతనే. ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. అంతకుముందు యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. ఊళ్లలో అతని మాట వినేవాళ్లు అప్పటికే ఉన్నారు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి విని వచ్చి, 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడాది జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది.

పదకొండేళ్లు గడిచేసరికి లెక్క తారుమారైంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అతని బోధకులే మేస్త్రీలు. పగలు పని చూసేవారు, విరామంలో కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ రోజు నీళ్లలో దిగింది ఎవరన్నది గమనించాలి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకున్నారు. ఒక జత అలసిపోతే మరో జత దిగేది. క్లౌ గట్టున ఉండి చూసుకున్నాడే కానీ తాను ఒక్కరికీ ఇవ్వలేదు. విదేశీ పత్రికలకెక్కిన ఆ సంఖ్య వెనక పనిచేసిన చేతులు ఇవి.

ఇంతమంది వచ్చి చేరాక వాళ్లను చూసుకునేదెవరు? అందుకే రామాపట్నం సెమినరీ, లూథర్‌గిరి, మెదక్‌లో పోస్నెట్ నడిపిన శిక్షణ బడుల లాంటివి పెరిగాయి. అక్కడ తయారైన మనిషి ఉపదేశి. పల్లెటూరి ఉపదేశి పని ఇంతని చెప్పలేం. పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు వాక్యం, ఆదివారం ఆరాధన, మధ్యలో భార్యాభర్తల తగవులు, భూస్వామితో పేచీ వస్తే అర్జీ రాయడం. చదువొచ్చిన తొలి మనిషి అతనే కావడంతో పల్లెకు నోరూ అతనే అయ్యాడు. జీతం మాత్రం మిషను బంగళా నుంచి వచ్చేది.

చిక్కంతా అక్కడే ఉంది. స్థానిక సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పాలన తానే చూసుకోవాలి, సువార్త తానే చాటాలి అని లండన్‌లో చర్చి మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్ 19వ శతాబ్దం మధ్యలోనే చెప్పాడు. మాట మంచిదే, జమాఖర్చుల పుస్తకం మాత్రం బంగళా దాటి రాలేదు. మనవాళ్లు ఇంకా తయారు కాలేదన్నది దొరలు ఎప్పుడూ చెప్పే కారణం. 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడానికి తయారైనవాళ్లు పద్దు చూడటానికి ఎందుకు తయారు కాలేదో ఎవరూ చెప్పలేదు.

ఈ తేడాను దొరల ముఖానే ఎత్తిచూపినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, వైఎంసీఏ కార్యదర్శిగా పనిచేసినవాడు. 1903లో భారతీయులే డబ్బు వేసుకుని, భారతీయులనే పంపే మిషనరీ సంఘాన్ని తిరునెల్వేలిలో పెట్టించాడు. ఆ సంఘం తరఫునే తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు పనిచేయడానికి వచ్చాడు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మీరు మాకు ఎంతో ఇచ్చారు, మాతో సమానంగా కూర్చుని స్నేహం మాత్రం చేయలేదు అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. దొరల నుంచే కాదు, మనవాళ్ల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. మొదట ఇచ్చిన డయాసిస్, అంటే బిషప్పు పాలన కింది ప్రాంతం, చిన్నది. 1920లో కృష్ణా వైపు ప్రాంతాలు కలిశాక పెద్దదైంది. ఆయన నాయకులను తయారుచేసిన తీరు నాకు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తుంది. ఉపదేశిని ఒంటరిగా కాక భార్యతో సహా శిక్షణకు రమ్మనేవాడు. పల్లెలో ఆడవాళ్ల మధ్యకు వెళ్లగలిగేది ఆమే కదా. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలికించేవాడని చెబుతారు. అంటే నిన్న చేరిన కూలివాడు కూడా ఇవాళ్టి నుంచి పనివాడే. పేద సంఘమైనా తన పాస్టరును తానే పోషించుకోవాలని పట్టుబట్టేవాడు. వంట చేసేటప్పుడు సంఘం కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యం కానుక వెనక ఉన్నదీ ఈ పట్టుదలే. 1930ల నడుమకు డోర్నకల్ డయాసిస్‌లో అభిషిక్తులైన భారతీయ గురువులు సుమారు 250 మంది, గ్రామ ఉపదేశులూ ఇతర పనివాళ్లూ 2,000కు పైగా.

అజరయ్య కలగన్న సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశాడు. 1964లో ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాదుకు మారింది. వేర్వేరు సంఘాల పాస్టర్లు ఒకే బల్ల దగ్గర చదివారు. చదువు పెరిగింది. దాంతో పాటు పల్లెకూ పాస్టరు గారికీ మధ్య దూరమూ పెరిగింది. డిగ్రీ ఉన్న పాస్టరుకు పట్నంలో సంఘం దొరికితే గూడేనికి ఎవరు వెళ్తారు?

ఇలాంటి ఖాళీలోకి అప్పటికే వచ్చినవాళ్లలో పెద్దవాడు బోధకుడు భక్తసింగ్. 1941లో మద్రాసులో మొదలైన ఆయన పని 1950లో హైదరాబాదులోని హెబ్రోను అనే కేంద్రానికి చేరింది. సెమినరీ లేదు, జీతం లేదు. గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, టీచర్లు సంఘపెద్దలై వాక్యం చెప్పారు. వాక్యంతో పెరిగినవాళ్లకు పట్టా అక్కర్లేదన్న నమ్మకం మీద నడిచిన పద్ధతి అది. ఆ తర్వాత పుట్టుకొచ్చిన అనేక స్వతంత్ర సంఘాలు ఈ స్వేచ్ఛను తీసుకున్నాయి, పెద్దలందరూ కలిసి నిర్ణయించే పద్ధతిని మాత్రం చాలాచోట్ల వదిలేశాయి. స్థాపకుడి తర్వాత కొడుకు, లేదంటే అల్లుడు. దొరల కాలంలో బంగళాలో ఉన్న పద్దు పుస్తకం ఇప్పుడు ఒక కుటుంబం బీరువాలో ఉంటోంది. డయాసిస్‌లేమీ తీసిపోలేదు, ఎన్నికలూ ఆస్తుల వ్యాజ్యాలూ అక్కడి నాయకుల కాలాన్ని ఎంత తింటున్నాయో కోర్టు వరండాలే చెబుతాయి.

ఇన్నేళ్లూ ఆడవాళ్ల పని ఆగలేదు. బైబిలు స్త్రీ అన్న ఉద్యోగం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. ఇల్లిల్లూ తిరిగి చదవడం నేర్పింది ఆమె, బాలింత దగ్గర ప్రార్థన చేసింది ఆమె. గురువు కావడానికి మాత్రం ఆమెకు దారి లేదు. దక్షిణ ఇండియా సంఘం ఆ తలుపు తెరిచింది 1970లలో. మరో నలభై ఏళ్లకు కాస్త అటూ ఇటూగా, 2013 సెప్టెంబరులో, ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్పుగా అభిషేకం పొందారు. ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు. 1947 నాటి ఐక్యతలో చేరకుండా 1970ల దాకా బయటే ఉండిపోయిన ప్రాంతం నంద్యాల. ఈ ఒక్క విషయంలో మిగతా డయాసిస్‌లన్నీ దాని వెనకే ఉన్నాయి.