బొబ్బిలి పొదలలో మిగిలిన ఇద్దరు

కదనరంగమున తోడివారిని గోల్పోయిన పడుచుబంటు మనసులో పగయొక్కటే పుట్టుననియు, అది తీరినంతనే యా మనసు కుదుటబడుననియు మన వీరగాథలు చిరకాలముగా చెప్పుచు వచ్చినవి. మహాభారత సౌప్తికపర్వమందలి అశ్వత్థామ కథయు, పల్నాటి బాలచంద్రుని కథయు ఎల్లరెరిగినవే గనుక వానిని వివరింపను. కాని 1757 జనవరి 24న కూలిన బొబ్బిలికోట విషయమున ఈ సిద్ధాంతము చాలునని నాకు తోచదు.

రాజాంనుండి వచ్చిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, కోటను ముట్టడించిన విజయనగరపు రాజు విజయరామరాజు డేరా జొచ్చి పగ దీర్చుకొన్నాడని జంగముల పాటలు మొదలు 1964 నాటి చలనచిత్రము వరకు ఒక్కటే వరుస. ఆ వీరుని ఖ్యాతిని తగ్గించుట నా యభిమతము గాదు. అయితే 1778లో అచ్చైన రాబర్ట్ ఓర్మ్ చరిత్రమున పేర్లులేని నలుగురు భటులు కనబడుదురు. బొబ్బిలి దొర రంగారాయని పతనమును కన్నులార జూచిన యా నలుగురు కోటలో నొక మూల దాగి, ప్రొద్దుపోయిన పిదప గోడ దిగి, ఇరుపక్షముల మాటయు నొక్కటే యగుటచే ఎవరికిని అనుమానము గలుగకుండ విజయనగరపు పటాలము నడుమనుండి నడచి పొదలు జేరి, శిబిరపు సందడి యణగువరకు రెండు దినములు పొంచియుండిరి. పిమ్మట ఇద్దరు బయలుదేరి, నేలపై ప్రాకుచు వెనుకవైపునుండి డేరాలో దూరి, నిద్రించుచున్న రాజును పొడిచిరి. కావలివారు మూగినను పారిపోజూడక, శవమును జూపి తమకు తృప్తి గలిగినదని కేకవేసి, అక్కడనే తుపాకిగుండ్లకు గూలిరి. రాజు మేన గాయములు 32.

ఓర్మ్ బొబ్బిలిలో లేడు, విన్నదే వ్రాసినాడు. గాయముల లెక్క నోట నోట పెరిగియుండవచ్చును. ఆ భటుల దుఃఖము దొర కొఱకా, తోడివారి కొఱకా యని విడదీయుటయు కష్టమే. ఐనను ఒకటి రెండు పోట్లకు పోవు ప్రాణమునకు అన్ని పోట్లేల? పారిపోవు తలంపైన లేకుండుటేల? వియత్నాం యుద్ధమునుండి మరలినవారికి చికిత్స చేసిన జోనథన్ షే యను అమెరికా వైద్యుడు, ఆప్తుడైన తోడిభటుడు కూలినప్పుడు పడుచువాడు తన ప్రాణముపై ఆశ విడిచి ఉన్మత్తుడై పోరుననియు, అందుండి బ్రదికి బయటపడినవాడు మరల మునుపటి మనిషి కాజాలడనియు 1994లో ప్రకటించిన గ్రంథమున వ్రాసినాడు. నేటి రోగనామములను ఆనాటివారికి అంటగట్టుట తగదు. కాని పోలిక కాదనరానిది.

పొదలలో మిగిలిన ఇద్దరి సంగతియే నన్ను మిక్కిలి బాధించును. మొదటివారు విఫలులైనచో తాము పోవలెనని ఒట్టు పెట్టుకొన్న వారికి, చంపవలసిన శత్రువు లేకపోయెను, చావవలసిన నిమిత్తమును లేకపోయెను. తర్వాత వారెట్లు బ్రదికిరో ఓర్మ్ చెప్పలేదు, మన పాటయు చెప్పలేదు. 1794 జూలై 10న పద్మనాభ యుద్ధమున విజయనగరపు రాజు చినవిజయరామరాజుతో గూలినవారిని గూర్చి చెప్పుదుము. బ్రదికి మరలినవారిని గూర్చి అక్కడను మౌనమే.

నేడును మన దృష్టి మారలేదు. కోరుకొండ సైనిక పాఠశాల గల యీ సీమనుండి, సిక్కోలు ఉద్దానపు పల్లెలనుండి ఎందరో యువకులు సైన్యమునకు పోవుచున్నారు. అమరుని విగ్రహమునకు దండ వేయుదుము. పతాకము కప్పిన పెట్టె వెంట వచ్చిన తోటి జవానును ఒక్కమాటైన అడుగము. ఇది మన తప్పే. సెలవుపై వచ్చిన వారిని, పింఛను పుచ్చుకొని ఊరనున్న వృద్ధసైనికులను, వారికి సమ్మతమైనంతవరకు అడిగి, పోయిన స్నేహితులను గూర్చి వారు చెప్పు మాటలను మన బడిపంతుళ్లును గ్రంథాలయములవారును ఇప్పుడే వ్రాసి యుంచవలెను.