కాళేశ్వరమున నదులెన్ని?

కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. పటము గీయు సర్వేయరు అచ్చట రెండు నదులనే గుర్తించును. యాత్రికులు దానిని త్రివేణీసంగమ మందురు. వారికి మూడవది అంతర్వాహినియైన సరస్వతి. 2025 మే నెలలో ఆ సరస్వతికి పుష్కరములు కూడ జరిగినవి. సమాజమును పరిశీలించువాడు తన పుస్తకములో రెండని వ్రాసికొనవలెనా, మూడని వ్రాసికొనవలెనా?

ప్రకృతిశాస్త్రముల పద్ధతియే సమాజమునకును చాలునని ఆగస్టు కోంతు మొదలగు ప్రత్యక్షవాదులు తలచిరి. 1909 లో మద్రాసునుండి ఏడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథములో దక్షిణదేశపు కులముల ఆచారములతోపాటు తలల కొలతలు, ముక్కుల కొలతలు కూడ ఉన్నవి. ముక్కు కొలిచినంతనే మనసు తెలియునా? మానవశాస్త్రములకు వేరు పునాది కావలెనని జర్మనీలో డిల్తే 1883 నాటికే వాదించెను. మనిషి చేయు పనికి కారణము చూపిన చాలదు, అతడు దానికిచ్చు అర్థమును గ్రహింపవలెను.

దానికి మార్గమేమి? ప్రజలమధ్య నివసించి, వారి భాష నేర్చుకొనుటయే యని 1922 లో మలినోవ్‌స్కీ చూపెను. లండనులో ఆయనవద్ద చదివిన హైమన్‌డార్ఫ్ 1940 తరువాత హైదరాబాదు రాజ్యములో ఆ పని చేసెను. కాళేశ్వరమునుండి ప్రాణహిత వెంబడి ఎగువకు పోయినచో ఆసిఫాబాదు గోండుల సీమ వచ్చును. 1940 లో జోడేఘాటువద్ద కొమురం భీము పోలీసుల కాల్పులలో మరణించెను. గోండుల అసంతృప్తికి కారణములను విచారింప ప్రభుత్వము హైమన్‌డార్ఫ్‌ను కోరెను. అటవీశాఖ కాగితములలో ఆక్రమణయైనది గోండులకు పూర్వులనాటి పొలము! ఈ సంగతి ఎకరముల లెక్కలో దొరకదు. ఆయన భార్యతో మార్లవాయి గ్రామమున నివసించి, గోండీ నేర్చి, ఈ తేడాను గ్రహించెను. 1943 లో అచ్చటనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమైనది. గోండీలో వాచకములు తయారైనవి. గోండులకు భూమిపట్టాలును ఇచ్చిరి.

అయితే మరియొక చిక్కు కలదు. ఆయన నిజాం ప్రభుత్వపు సలహాదారుడుగా కూడ పనిచేసెను. ప్రభుత్వపు మనిషితో గోండులు అన్నియు చెప్పుదురా? 1967 లో అచ్చయిన మలినోవ్‌స్కీ దినచర్యలో, తాను పరిశీలించిన ప్రజలపై విసుగు దాగలేదు. చూచువాని స్థానము, అధికారము చూపునే మార్చుననియు, కావున అతనిని కూడ పరిశీలింపవలెననియు తరువాతి పండితులు పట్టుబట్టిరి. ఇది న్యాయమే, కాని కొందరు తమ్మునుగూర్చియే వ్రాసికొనుచు ఊరిని మరచిరి.

హైమన్‌డార్ఫ్ మాత్రము మరల వచ్చెను. పట్టాభూములు పెక్కు బయటివారి పాలైనట్లు 1982 లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. పోయిన భూమి ఎంతో రికార్డులు చెప్పవచ్చును. ఎట్లు పోయినదో గోండులే చెప్పవలసివచ్చెను.