గోడ మీది పల్లవి

ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ చర్చిలో అడుగుపెట్టకముందు బౌలింగ్ హాళ్లలో కొలువు చేసింది. 1950ల అమెరికాలో, దొర్లించిన బంతికి ఎన్ని కర్రలు పడ్డాయో ఒకరు కూర్చుని అద్దంలాంటి షీటు మీద మైనపు పెన్సిలుతో రాస్తుంటే, ఆ అంకెలు అందరి తలల పైన తెర మీద పెద్దవై కనిపించేవి. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఒకేసారి చదువుకునేవారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అలాంటి పెట్టే, అలాంటి షీటే ఆదివారం ఆరాధనలో పాట మాటలు చూపిస్తున్నాయి. ఈ ముక్క తెలిసిన దగ్గర్నుంచీ మా చర్చిలో పల్లవి తెర మీద పడ్డప్పుడల్లా నాకు బంతి దొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ పెట్టె కడుపులో ఇంకో చిత్రం ఉంది. షీటు పెట్టే గాజు పలక కింద ఒక పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. దగ్గరగా చూస్తే గ్రామఫోను రికార్డు మీద గీతల్లాగా సన్నటి వలయాలు కనబడతాయి. ఫ్రాన్సులో ఫ్రెనెల్ అనే ఇంజినీరు సముద్రంలో ఓడలకు దారి చూపే దీపస్తంభాల కోసం కనిపెట్టిన కటకం అది. 1823లో కోర్డువాన్ దీపస్తంభంలో మొదట వెలిగించారు. మందమైన భూతద్దాన్ని వలయాలుగా కోసి పల్చన చేస్తే బరువు పోతుంది, వెలుగును వంచే గుణం మిగులుతుంది. 1960ల మొదట్లో త్రీఎం కంపెనీలో రోజర్ ఆపెల్డార్న్ దీన్నే ప్లాస్టిక్‌లో అచ్చుపోసి చవకైన ప్రొజెక్టర్ తయారుచేశాడు. త్రీఎం దగ్గర కాగితం మీదున్నదాన్ని పారదర్శకమైన షీటు మీదికి దింపే యంత్రం అప్పటికే ఉంది. షీట్లు అమ్ముడుపోవాలంటే వాటిని చూపించే పెట్టె బడులకు అందే ధరలో ఉండాలి. బడుల కోసం వచ్చిన పెట్టె బడి పక్కనున్న చర్చిలోకి నడిచి వెళ్లింది.

అయితే గోడ మీద పాట అంతకు ముందే ఉంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం 1890లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మేజిక్ లాంతరు 17వ శతాబ్దపు వస్తువు. హాలండ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లోనే దాని సంగతి రాసుకున్నాడు. తరవాత రెండు వందల ఏళ్లు అది దెయ్యాల బొమ్మలూ వినోదాలూ చూపిస్తూ ఊళ్లు తిరిగింది. విక్టోరియా రాణి కాలం చివరికొచ్చేసరికి ఇంగ్లండులో బోధకులు దాన్ని పట్టుకున్నారు. విల్సన్ కార్లైల్ 1882లో స్థాపించిన చర్చ్ ఆర్మీ వాళ్లు కూలీల వాడల్లో లాంతరు ఆరాధనలు జరిపారు. బైబిలు కథల బొమ్మలు తెర మీద పడాలంటే గది చీకటి చేయాలి. చీకట్లో పాటల పుస్తకం చదవలేరు. అందుకని పాట మాటల్ని కూడా గాజు మీద రాసి తెర మీదికే పంపారు. పుస్తకం కన్నా తెర మేలని ఎవరూ వాదించలేదు. దీపాలు ఆర్పారు కాబట్టి పాట గోడెక్కింది. జనం తలలెత్తి, చేతులు ఖాళీగా పెట్టుకుని పాడితే పాట గట్టిగా వినిపిస్తుందని తరవాత తెలిసింది.

ఆ పలకలు మూడుంపావు అంగుళాల చదరాలు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, ఒక పలకకు ఒక చరణం. కంపెనీల జాబితాల్లో కీర్తనల పలకలు వందలకొద్దీ ఉండేవి. చిన్న గదికి కిరసనాయిలు దీపం సరిపోయేది. పెద్ద హాలుకైతే లైమ్‌లైట్. అంటే సున్నపు దీపం. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించిన జ్వాలను సున్నపు దిమ్మ మీదికి ఊదితే అది తెల్లగా వెలుగుతుంది. ఆ రోజుల్లో వాయువును పెద్ద రబ్బరు సంచుల్లో నింపి, పైన బరువులు పెట్టి నొక్కేవారు. ఒత్తిడి తప్పితే పేలిపోయే ప్రమాదం ఉంది. తెర వెనక గ్యాసు సంచీ, తెర ముందు పాట. నాటకాల్లో ముఖ్య నటుడి మీద పడిన వెలుగు కూడా ఇదే. ఒకే దిమ్మ రాత్రి నటుణ్నీ ఆదివారం కీర్తననూ వెలిగించగలిగేది.

ఈ పనిని అందరికన్నా దూరం తీసుకెళ్లినవాళ్లు ఆస్ట్రేలియాలోని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్లు. 1892లో మెల్బోర్న్‌లో జోసెఫ్ పెరీ చేతిలో లైమ్‌లైట్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. పలకలు తయారుచేయడం, బోధకుల ఉపన్యాసాలకు తగినట్టు వాటిని కూర్చడం, ఊరూరా తిప్పడం దాని పని. కొన్నేళ్లకు సినిమా కెమెరా కూడా చేతికొచ్చింది. 1900 సెప్టెంబరు 13న మెల్బోర్న్ టౌన్ హాల్లో 'సోల్జర్స్ ఆఫ్ ద క్రాస్' ప్రదర్శించారు. ఆదిమ క్రైస్తవ హతసాక్షుల కథ అది. రంగులద్దిన గాజు పలకలు, చిన్న చిన్న సినిమా ముక్కలు, అక్కడి సాల్వేషన్ ఆర్మీ అధిపతి హెర్బర్ట్ బూత్ ఉపన్యాసం, సంగీతం అన్నీ కలిసి రెండు గంటలకు పైనే సాగింది. రోమ్ నగరం దృశ్యాల కోసం గుడ్డల మీద కోటలూ స్తంభాలూ చిత్రించి ఒక బాలికల వసతిగృహం టెన్నిస్ కోర్టులో నిలబెట్టారు. ఆ టెన్నిస్ కోర్టును ఊహించుకున్నప్పుడల్లా నాకు ఆ మనుషుల మీద ప్రేమ పుడుతుంది. 1910లో ఆ విభాగం మూతపడింది. కొత్తగా వచ్చిన పెద్దలకు సినిమా వల్ల భక్తి పలచనవుతోందనిపించింది. పలకలు రాసే చెయ్యి, సున్నపు దీపం మండించే చెయ్యి, ఎక్కడ ఏ చరణం మార్చాలో తెలిసిన చెయ్యి అన్నీ ఒకేసారి పని లేకుండా పోయాయి. ఆ విద్య పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి వెళితే గోడా లేదు, పుస్తకమూ లేదు. ఒక మనిషే ఉన్నాడు. 1645లో వెస్ట్‌మినిస్టర్ సభ రూపొందించిన ఆరాధన క్రమం, చదువురానివాళ్లు ఎక్కువున్న చోట ఒకరు కీర్తనను పంక్తి పంక్తిగా ముందు చదివితే సంఘం వెనక పాడవచ్చని చెప్పింది. స్కాట్లండ్ పడమటి దీవుల్లో గేలిక్ భాషలో ఇప్పటికీ అలాగే పాడతారు. మనకిది కొత్త కాదు. పల్లెల్లో భజన ఇలాగే సాగుతుంది, పల్లె చర్చిలో పాట కూడా. ముందు ఒకరు అందిస్తారు, వెనక అందరూ అందుకుంటారు. ఈ అందించే మనిషే ఈ కథంతటికీ దారం అని నాకనిపిస్తుంది. యంత్రాలు మారినా అతను మాత్రం పోలేదు.

సినిమా హాళ్లలో కూడా ఉన్నాడు. 1924లో న్యూయార్క్‌లో ఫ్లైషర్ సోదరులు పాటల కార్టూన్లు మొదలుపెట్టారు. తెర మీద పాట మాటలు, వాటి మీద గంతులేసే ఒక బంతి. ఏ అక్షరం మీద బంతి వాలితే ప్రేక్షకులు ఆ అక్షరం పాడాలి. ఆ బంతి బొమ్మ కాదు. నల్లకర్ర చివర మెరిసే గుండు పెట్టి, పాట లయకు ఒకరు చేత్తో ఆడిస్తుంటే సినిమా తీశారు. జపాన్‌లో 1971లో ఇనోవే డైసుకే కరావోకే యంత్రం చేసినప్పుడు మాటలు ఇంకా పుస్తకంలోనే ఉన్నాయి. అవి తెర మీదికెక్కింది తరవాత.

అదే ఏడాది కాలిఫోర్నియాలో మారనాథా మ్యూజిక్ అనే క్రైస్తవ పాటల సంస్థ మొదలైంది. సముద్రపు ఒడ్డున తిరిగే జుట్టు పెంచిన కుర్రాళ్లు గిటార్లతో చర్చిల్లోకి వచ్చిన కాలం. వాళ్ల పాటలు చిన్నవి. నాలుగు వరుసలు, మళ్లీ మళ్లీ పాడేవి. పుస్తకంలో అచ్చయ్యేలోగా ఇంకో పాట వచ్చేసేది. ఓవర్‌హెడ్ షీటుకు ఇంతకన్నా తగిన పాట ఉండదు. శనివారం రాత్రి స్కెచ్ పెన్నుతో రాస్తే ఆదివారం ఉదయానికి సంఘం పాడేది. షీట్లన్నీ అక్షర క్రమంలో ఫైల్లో ఉండేవి. ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్నవాళ్లు తెల్లకాగితం అడ్డం పెట్టి, పాడబోయే వరుసను కొంచెం కొంచెంగా కిందికి తెరిచేవారు.

అయితే రాసుకోవడంలోనే చిక్కు ఉంది. అమెరికా 1976 కాపీరైట్ చట్టం ప్రకారం ఆరాధనలో భక్తి పాట పాడటానికి అనుమతి అక్కర్లేదు. దాని మాటల్ని షీటు మీద రాస్తే మాత్రం అది ప్రతి తీసినట్టే. పాటల పుస్తకాలు అచ్చువేసే ఎఫ్.ఇ.ఎల్. అనే సంస్థ షికాగో కాథలిక్ బిషప్ మీద దావా వేసింది. 1984లో జ్యూరీ ముప్పై లక్షల డాలర్లకు పైగా చెల్లించమంది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టులో అందులో పెద్ద భాగం నిలవలేదు. కానీ భయం నిలిచిపోయింది. పోర్ట్‌లండ్ నగరంలో ఒక చర్చి సంగీత బాధ్యుడు హోవర్డ్ రచిన్‌స్కీ, సంఘాలు ఏడాదికి ఒకసారి రుసుము కట్టి పాటలు నకలు చేసుకునే ఏర్పాటు చేశాడు. 1988లో అది సీసీఎల్ఐ అయింది. స్లైడు కింద చీమతలల్లాంటి అక్షరాల్లో కనిపించే లైసెన్స్ నంబరు వెనక షికాగో కోర్టు ఉందన్నమాట.

ఆ తరవాతది అందరికీ తెలిసిన కథే, త్వరగా దాటేస్తాను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 1987 ఏప్రిల్‌లో మాకింటోష్ కోసం వచ్చిన మొదటి పవర్‌పాయింట్ తెర మీద చూపించడానికి చేసింది కాదు. ఓవర్‌హెడ్ షీట్ల కోసం నలుపు తెలుపుల్లో పేజీలు అచ్చు తీయడానికి చేసింది. కంప్యూటర్ నేరుగా గోడ మీదికి వెలుగు చిమ్మడం తరవాత వచ్చింది. ఆ మీదట మీడియాషౌట్, ఈజీవర్షిప్, ప్రోప్రెజెంటర్ వంటివి చర్చిల కోసమే వచ్చాయి. ఓపెన్‌ఎల్‌పీని డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. వీటి అసలు తెలివి రెండు తెరల్లో ఉంది. గోడ మీద సంఘం పాడుతున్న చరణం ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద పాడబోయే చరణం ఉంటుంది.

మన భాష దగ్గరకొచ్చేసరికి ఈ సాఫ్ట్‌వేర్లకు కొత్త కష్టాలొచ్చాయి. అచ్చుపని కోసం చేసిన పాత తెలుగు ఫాంట్లతో ఒక ఊళ్లో టైపు చేసిన పాట, ఇంకో ఊళ్లో ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని రోమన్ గుర్తులయ్యేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ గౌతమి ఫాంటు వచ్చాక ఆ బాధ మెల్లగా తగ్గింది. ఒత్తుల బాధ మాత్రం ఉంది. ఇంగ్లిషు కొలతల్లో వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడి మీద పడతాయి. కాబట్టి ఇంగ్లిషులో ఆరు వరుసలు పట్టే చోట మనకు నాలుగే. అమెరికాలోని తెలుగు సంఘాల్లో తెలుగు చదవడం రాని పిల్లల కోసం అవే మాటలు రోమన్ లిపిలో కూడా వేస్తారు. అక్కడ తెలుగు పాట బతికి ఉండటంలో ఆ రెండో వరుసకు పెద్ద వాటా ఉంది.

పోయింది కూడా చెప్పాలి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్దపు కవులు కర్ణాటక సంగీతపు కొలతల్లో రాసిన కీర్తనలవి. తెర మీద ఆ పేర్లు ఎక్కడా రావు. రాగం పేరు కనిపించకపోతే అది ఉందని పిల్లలకు తెలియదు. పుస్తకంలో పాట మొత్తం ఒక్క చూపులో దొరికేది. మూడో చరణంలో కవి ఎక్కడికి వెళ్తున్నాడో మొదటి చరణం పాడుతుండగానే తెలిసేది. తెర ఒక్క చరణానికి మించి చూపించదు. సమయం లేదని చరణాలు వదిలేసినా ఎవరూ గమనించరు. మా అమ్మ పుస్తకంలో కొన్ని పాటల పక్కన పెన్సిలుతో తేదీలున్నాయి. ఎవరి సమాధి కార్యక్రమంలో పాడారో, ఎవరి పెళ్లిలో పాడారో. స్లైడు మీద అలా రాసుకునే జాగా లేదు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఒక మూలన రాగం, తాళం వేసే వీలు కల్పించినా నాకు సగం దిగులు తీరుతుంది.

కళ్లజోడుతో కూడా పుస్తకం చదవలేని పెద్దవాళ్లు తెర చూసి పాడుతుంటే మాత్రం నాకు ఆనందమే. మా చర్చిలో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునేది ఇంటర్ చదివే ఒక అబ్బాయి. తెలుగు పాటలో ప్రతి చరణం తరవాత పల్లవి తిరిగి రావాలి. పాడేవాళ్లకు ఉత్సాహం వస్తే పల్లవి రెండుసార్లు, మూడుసార్లు. ఎన్నిసార్లో ఏ సాఫ్ట్‌వేరూ ముందే చెప్పలేదు. చరణం పూర్తయ్యాక మీట నొక్కితే ఆలస్యమవుతుంది, సంఘం ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. చివరి రెండు మాటలు ఇంకా ఉండగానే నొక్కాలి. పోయిన ఆదివారం నేను ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాను. అతను గోడ వైపు చూడటం లేదు. పాడే ఆయన ఊపిరి తీసుకునే తీరు చూస్తున్నాడు. పెదవులు కదుపుతూ, అందరికన్నా రెండు మాటలు ముందు, మెల్లగా పాడుకుంటున్నాడు.