ఆటగాళ్లే నడిపిన ఆట - 1890

బేస్‌బాల్ మన మైదానాల్లో అంతగా కనిపించదు. గుండ్రటి బ్యాటుతో బంతిని కొట్టి, నాలుగు గుర్తులూ చుట్టి వస్తే ఒక పరుగు. క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. అమెరికాలో ఈ ఆటకు సంబంధించి 1890లో జరిగిన ఒక సీజను సంగతి ఈవేళ ముచ్చటించుకుందాం.

అక్కడ 1876లో నేషనల్ లీగ్ ఏర్పడింది. 1879లో జట్ల యజమానులు తమలో తాము ఒక కట్టుబాటు చేసుకున్నారు. జట్టుకు ఐదుగురు ఆటగాళ్లను అట్టేపెట్టుకోవచ్చు. వాళ్లను మరో యజమాని తీసుకోకూడదు. ఒప్పందం గడువు తీరినా సరే, ఆటగాడు పాత యజమాని దగ్గరే ఆడాలి, లేకపోతే ఆట మానుకోవాలి. కొన్నేళ్లలో ఈ కట్టుబాటు దాదాపు జట్టంతటికీ పాకింది. పోయే చోటు లేనివాడు జీతం పెంచమని ఎలా అడుగుతాడు?

1885లో న్యూయార్క్ ఆటగాడు జాన్ మాంట్‌గొమరీ వార్డ్ ముందు నిలిచి ఆటగాళ్ల సంఘం పెట్టాడు. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు. 1888 సీజను ముగిశాక యజమానులు ఆటగాళ్లను ఐదు తరగతులుగా విడదీసి, 1500 నుంచి 2500 డాలర్ల దాకా జీతాలు ఖాయం చేశారు. ఆటతోపాటు నడవడికను కూడా లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఓపిక నశించిన ఆటగాళ్లు తామే ఒక పోటీ పెట్టుకున్నారు. దాని పేరు ప్లేయర్స్ లీగ్. పెట్టుబడి ధనికులది, పాలకమండలిలో సగం స్థానాలు ఆటగాళ్లవి. యజమానులు కోర్టుకెక్కారు. 1890 జనవరిలో న్యూయార్క్ కోర్టు వార్డ్‌ను ఆపడానికి ఒప్పుకోలేదు.

నేషనల్ లీగ్ పెద్ద స్పాల్డింగ్, పేరుమోసిన ఆటగాడు కెల్లీని వెనక్కి రప్పించాలని పదివేల డాలర్లు ఇవ్వజూపాడట. కాసేపు అలా నడిచివచ్చిన కెల్లీ, తోటివాళ్లను విడిచి రాలేనన్నాడట. ఇది స్పాల్డింగ్ స్వయంగా చెప్పుకున్న సంగతే.

ప్లేయర్స్ లీగ్‌లో ఎనిమిది జట్లు. వాటిలో ఏడింటి ఊళ్లలో నేషనల్ లీగ్ జట్టు కూడా ఉండేది. చాలాచోట్ల ఒకే రోజు, ఒకే ఊళ్లో రెండు ఆటలు! జనం చీలిపోయారు, రెండు పక్షాలూ నష్టపోయాయి. కెల్లీ నాయకత్వాన బోస్టన్ జట్టు 81 ఆటలు గెలిచి విజేత అయింది.

కాని అసలు పోటీ మైదానం బయట ముగిసింది. నష్టాలకు జంకిన పెట్టుబడిదారులు స్పాల్డింగ్‌తో మంతనాలకు కూర్చున్నారు. ఆటగాళ్ల ప్రతినిధులకు అక్కడ చోటు దొరకలేదు. ఒక్క సీజనుతోనే ప్లేయర్స్ లీగ్ మూతపడింది. ఆటగాళ్లు మళ్లీ పాత కట్టుబాటు కిందికే వెళ్లారు.

ఆ కట్టు సడలడానికి 1975 దాకా పట్టింది. అంటే 85 ఏళ్లు. నైపుణ్యం ఆటగాళ్లది, ఐకమత్యమూ వాళ్లదే. డబ్బుసంచి తాడు మాత్రం ఇతరుల చేతిలో ఉండిపోయింది. చెమటోడ్చి పనిచేసే ఎవరికైనా గుర్తుండవలసిన సీజను ఇది.