వేటగాడి ఐదు దశలు

వేటగాడి ఐదు దశలు అనునది వేటపట్ల మనిషి దృక్పథం వయసుతోను, అనుభవంతోను ఏ విధంగా మారుతుందో వివరించే సిద్ధాంతం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం (లా క్రాస్) ఆచార్యులు రాబర్ట్ జాక్సన్, రాబర్ట్ నార్టన్ 1970వ దశకంలో వెయ్యిమందికి పైగా వేటగాళ్ళను ప్రశ్నించి దీనిని రూపొందించారు. ఆ దేశపు వేట శిక్షణ తరగతులలో దీనిని బోధిస్తారు.

దశలు

1. కాల్చే దశ: తుపాకి పేల్చడమే ఆనందం. గురి తప్పినా లెక్కలేదు.
2. పరిమితి దశ: చట్టం అనుమతించినన్ని జంతువులను చంపితేనే తృప్తి.
3. ట్రోఫీ దశ: సంఖ్యకు బదులు పెద్ద కొమ్ములున్న జంతువునే ఎంచుకోవడం.
4. పద్ధతి దశ: విల్లు, గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకి వంటి కష్టసాధ్యమైన సాధనాలతో వేటాడడం.
5. పరిణతి దశ: అడవి, మిత్రుల సాంగత్యం, పిల్లలకు నేర్పడం ముఖ్యమవుతాయి. వట్టి చేతులతో తిరిగివచ్చినా వెలితి ఉండదు.

ఉదాహరణలు

ఆల్డో లియోపోల్డ్ (1887–1948) అమెరికా అటవీశాఖ ఉద్యోగిగా ఉన్నపుడు, తోడేళ్ళను నిర్మూలిస్తే వేటకు జింకలు పెరుగుతాయని నమ్మాడు. జింకలు మితిమీరి పెరిగి, కొండలమీది పచ్చదనాన్ని మేసివేసి, ఆకలితో చావడం గమనించి అభిప్రాయం మార్చుకున్నాడు. 1933లో "గేమ్ మేనేజ్‌మెంట్" అను గ్రంథం ప్రచురించి, వన్యప్రాణి నిర్వహణను శాస్త్రంగా నిలబెట్టాడు. అయినా వేటను విడిచిపెట్టలేదు.

భారతదేశంలో జిమ్ కార్బెట్ (1875–1955) నరమాంసభక్షకులైన పులులను వేటాడి ప్రసిద్ధి చెందాడు. తరువాత కెమెరా చేపట్టి, 1936లో హెయిలీ జాతీయ ఉద్యానవనం ఏర్పాటుకు తోడ్పడ్డాడు. నేడు అది అతని పేరుతోనే ఉన్నది.

వన్యప్రాణి నిర్వహణలో ప్రాధాన్యం

అమెరికా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వేట లైసెన్సు రుసుములు, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను ముఖ్యమైన ఆదాయ వనరులు. అందువలన వేటగాళ్ళు ఏమి కోరుతున్నారో ఆ శాఖలు తెలుసుకోక తప్పదు. పరిమితి దశలోనివారు జంతువుల సంఖ్య పెరగాలని కోరితే, పరిణతి చెందినవారు ఆవాసాల రక్షణకు విలువనిస్తారు. వృద్ధులు వేట మానినపుడు ఆదాయంతోపాటు ఈ మద్దతు కూడా తగ్గుతుంది.

విమర్శ

అందరూ ఈ దశలన్నిటినీ, ఇదే వరుసలో దాటరు. మాంసం కోసమే వేటాడేవారికి ఇది సరిపోదు. లియోపోల్డ్‌లో మార్పు తెచ్చినది కేవలం వయసు కాదు, భూమిని పరిశీలించడం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణలు వేటను దాదాపు పూర్తిగా నిషేధించినందున, ఇక్కడ ఈ సిద్ధాంతం పాత తరాల వేటగాళ్ళను అర్థం చేసుకోవడానికే ఉపయోగపడుతుంది.