గర్వకారణం

మొన్న సాయంత్రం మా పాప స్కూలు నుంచి వస్తూనే బ్యాగు సోఫా మీద పడేసి, "నాన్నా, ప్లెడ్జ్ చెప్పకపోతే పోలీసులు పట్టుకుంటారా?" అని అడిగింది. రోజూ పొద్దున అందరూ లేచి గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రతిజ్ఞ చెబుతుంటే, వాళ్ల క్లాసులో ఒకబ్బాయి మాత్రం ఊరికే కూర్చుంటాడట. పట్టుకోరమ్మా అన్నాను. "మరి మీ స్కూల్లో?" అంది. మా స్కూల్లో పోలీసుల దాకా ఎందుకు, డ్రిల్లు మాస్టారి చేతిలో బెత్తం చాలు.

పదేళ్లపాటు ఎర్రటి ఎండలో చెయ్యి ముందుకి చాచి మనమంతా చెప్పిన ప్రతిజ్ఞే అది. ఒక్క ముక్క మర్చిపోలేదు. అర్థం అయిందా అంటే, అప్పట్లో లేదు. అందులో దేశ వారసత్వం గురించి "గర్వకారణం" అన్న మాట ఒకటుంది. ఆ మాట మీద కిందటి ఆగస్టు పదిహేనున నాకు బాగా అక్షింతలు పడ్డాయి.

ఆరోజు ఇక్కడ తెలుగువాళ్లం పది కుటుంబాల వాళ్లం పాట్‌లక్ పెట్టుకున్నాం. పిల్లలు జెండాలు పట్టుకుని తిరుగుతున్నారు. మాటల్లో ఎవరో మా ఊరు ఏదని అడిగితే చీరాల అన్నాను. అమెరికన్ అతిథి ఒకాయన, మీ ఊరి గురించి చెప్పమన్నాడు. చేనేత గురించి, సముద్రం గురించి చెప్పి, ఆ పక్కనే ఉన్న కారంచేడు గురించి కూడా చెప్పాను. అంతే, మేమంతా అన్నగారూ అని పిలిచే పెద్దాయన నన్ను పక్కకి తీసుకెళ్లి, "ఇవాళ్టి రోజున, బయటివాళ్ల ముందు, ఆ మాటలెందుకయ్యా? భారతీయుడిగా నీకు గర్వం లేదా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. పులిహోర ప్లేటు పట్టుకుని అలా నిలబడిపోయాను. ఇది ఆయనకి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ముందు మన ప్రతిజ్ఞ సంగతి. దాన్ని రాసింది ఒక తెలుగాయన అని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఆయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1916లో నల్గొండ జిల్లా అన్నేపర్తిలో పుట్టారు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ దాన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి చొరవతో అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారి దృష్టికి వెళ్లింది. 1963లో విశాఖ బడుల్లో చెప్పించారు. 1964లో బెంగుళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన సమావేశంలో దేశమంతటా బడుల్లో చెప్పించాలని నిర్ణయించి, 1965 జనవరి 26 నుంచి అమలు చేశారు. పుస్తకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది గానీ రాసినాయన పేరు చాలా ఏళ్లు ఉండేది కాదు. ఆయన 1988లో పోయారు.

ఇక అమెరికా ప్రతిజ్ఞ. దాని పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ అనే బాప్టిస్టు పాస్టరు, కొలంబస్ వచ్చి నాలుగొందల ఏళ్లయిన సందర్భంగా, బోస్టన్ నుంచి వచ్చే 'యూత్స్ కంపానియన్' అనే పత్రిక కోసం రాశాడు. ఆ పత్రికవాళ్లు బడులకి జెండాలు కూడా అమ్మేవారు. మొదట్లో ఆ ప్రతిజ్ఞలో దేశం పేరే లేదు. తర్వాత, వలస వచ్చిన పిల్లలు మనసులో తమ పాత దేశం జెండాని తలుచుకుంటారేమోనన్న అనుమానంతో 1923, 24లలో అమెరికా పేరు చేర్చారు. దేవుడు చేరింది 1954లో. ఇంకో సంగతి, అప్పట్లో వీళ్లూ మనలాగే చెయ్యి చాచి చెప్పేవారు. హిట్లర్ సెల్యూట్ కూడా అలాగే ఉందని 1942 డిసెంబరులో చెయ్యి తీసుకొచ్చి గుండె మీద పెట్టారు.

ఈ చెయ్యి చాచడం దగ్గరే అసలు కథ మొదలైంది. యెహోవా సాక్షులు అని ఒక క్రైస్తవ శాఖ ఉంది. దేవుడికి తప్ప దేనికీ వందనం చెయ్యకూడదని వాళ్ల నమ్మకం. జర్మనీలో హిట్లర్‌కి సెల్యూట్ చెయ్యమన్నందుకు వాళ్లని నిర్బంధ శిబిరాలకి పంపారు. అదే శాఖకి చెందిన పిల్లలు అమెరికాలో జెండా వందనం చెయ్యమన్నందుకు పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే ఊళ్లో ఇద్దరిని బడి నుంచి తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1940 జూన్ 3న, ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా, పిల్లలు ఓడిపోయారు. అవతల ఫ్రాన్సు హిట్లర్ చేతికి పోతున్న రోజులవి. దేశం ఒక్కటిగా నిలవాలంటే ఇలాంటి గుర్తులు కావాలని తీర్పు సారాంశం.

ఆ తీర్పు రాసిన జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ఎవరనుకున్నారు? వియన్నాలో పుట్టి, పన్నెండేళ్ల వయసులో ఇంగ్లీషు ముక్క రాకుండా అమెరికాకి వలస వచ్చిన యూదుడు. తనకి చోటిచ్చిన దేశం మీద ఆయన ప్రేమని నేను శంకించను. వలస వచ్చినవాడికి ఆ కృతజ్ఞత ఎంత బరువుగా ఉంటుందో నాకూ కొంచెం తెలుసు. కానీ తీర్పు వచ్చాక ఏం జరిగిందో చూడండి. ఊరూరా ఆ శాఖవాళ్ల మీద మూకలు దాడులు చేశాయి. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబంక్ అనే ఊళ్లో వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. దేశాన్ని ఒకటి చెయ్యడానికి పెట్టిన వందనం, పొరుగువాడి ఇంటి మీద రాయి వెయ్యడానికి సాకు అయింది.

పెర్ల్ హార్బర్ తర్వాత 1942 జనవరిలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం బడుల్లో వందనాన్ని తప్పనిసరి చేసింది. చెయ్యని పిల్లల్ని తీసెయ్యొచ్చు, తల్లిదండ్రులకి యాభై డాలర్ల జరిమానా, ముప్ఫై రోజుల జైలు కూడా వెయ్యొచ్చు. బార్నెట్ అనే ఇంటిపేరున్న ఇద్దరు అక్కాచెల్లెళ్ల తరఫున మళ్లీ కేసు. (కోర్టు కాగితాల్లో వాళ్ల ఇంటిపేరు స్పెల్లింగు తప్పు పడింది. ఇవాళ్టికీ న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఆ తప్పే ఉంది. టైపో ఒకసారి ప్రొడక్షన్‌లోకి వెళితే అంతే!) 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినోత్సవం నాడు, యుద్ధం నడుస్తుండగానే, అదే సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురుగా తన తీర్పుని తనే కొట్టేసింది. 1940లో పిల్లలకి వ్యతిరేకంగా నిలబడ్డ ముగ్గురు జడ్జీలు మూడేళ్లలో మనసు మార్చుకున్నారు. ఫ్రాంక్‌ఫర్టర్ మాత్రం మార్చుకోలేదు.

ఈసారి తీర్పు రాసింది రాబర్ట్ జాక్సన్. తర్వాత న్యూరెంబర్గ్‌లో నాజీల మీద అమెరికా తరఫున ప్రధాన ప్రాసిక్యూటర్‌గా వాదించినాయన. ఆయన చెప్పిందాని తాత్పర్యం ఇది: మనిషి ఏం నమ్మాలో, దేన్ని గౌరవిస్తున్నానని నోటితో చెప్పాలో నిర్ణయించే అధికారం ఏ ప్రభుత్వ అధికారికీ లేదు. బలవంతంగా తెప్పించిన ఏకాభిప్రాయం చివరికి శ్మశానంలోనే కుదురుతుంది. మా పాప క్లాసులో ఆ అబ్బాయి ఇవాళ కూర్చోగలుగుతున్నాడంటే ఆ అక్కాచెల్లెళ్ల వల్లే.

మన దేశంలోనూ ఇలాంటి కథే ఉంది. కేరళలో అదే శాఖకి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. ఒక శాసనసభ్యుడు అది చూసి సభలో లేవనెత్తాడు. విచారణ వేశారు. పిల్లలు బుద్ధిమంతులే, గీతాన్ని అవమానించలేదు అని తేలింది. అయినా 1985 జూలై 26న బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసింది, మునుపు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. 1971 చట్టం ప్రకారం గీతాన్ని అడ్డుకోవడం, పాడేవాళ్లకి భంగం కలిగించడం నేరం. పాడకపోవడం నేరమని ఎక్కడా లేదు. మర్యాదగా నిలబడ్డవాడు అవమానించినట్టు కాదు అన్నారాయన. సహనం మన సంప్రదాయం, దాన్ని పలచన చెయ్యొద్దని ముగించారు. ఆ తర్వాత 2016 నవంబరులో సుప్రీంకోర్టే సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి చేసి, 2018 జనవరిలో ఇష్టానికి వదిలేసింది.

ఆ తీర్పు చదువుతుంటే తేదీ దగ్గర ఆగిపోయాను. 1985 జూలై 26. దానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జూలై 17న కారంచేడు జరిగింది. మాదిగపల్లె వాళ్లు తాగునీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర మొదలైన తగాదా. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లని చెరిచారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరుకున్నారు. నేను పుట్టకముందు మాట. కానీ అదే చీరాలలో పెరిగి, ఆ పేరు మా ఇంట్లో ఒక్కసారి కూడా వినకుండా ఇంజినీరింగ్‌కి వచ్చేశాను.

ఆ చంపినవాళ్ల పిల్లలూ, చచ్చినవాళ్ల పిల్లలూ బడిలో చెయ్యి చాచి, భారతీయులంతా తోబుట్టువులని ఒకే ప్రతిజ్ఞ చెప్పే ఉంటారు. ఆ నెలలో నా దేశం ఎవరి దేశభక్తిని అనుమానించింది? నోరు మూసుకుని నిలబడ్డ ముగ్గురు పిల్లలది.

అన్నగారూ, నాకు గర్వం లేక కాదు. రామానుజన్ పేరు వింటే నా ఛాతీ కూడా పొంగుతుంది. నిజానికి ఆయన లెక్కల్లో నా చెయ్యి ఏమీ లేదు. అయినా 'మన' రామానుజన్ అంటాను. ఏ 'మన' అన్న మాటతో నేను చెయ్యని ఘనతలో వాటా తీసుకుంటున్నానో, అదే 'మన' కారంచేడుకీ వర్తిస్తుంది. నేను చెయ్యలేదు కాబట్టి నాకు సంబంధం లేదంటే, రామానుజన్‌తోనూ సంబంధం ఉండకూడదు. లాభంలో వాటా అడిగి అప్పులో వాటా వద్దంటే, మా చీరాల బజారులో ఏ షావుకారూ ఒప్పుకోడు. అసలు సిగ్గుపడటానికి కూడా ఆ దేశం నాదై ఉండాలి కదా. బెల్జియం చేసిన తప్పులకి నేను నిద్ర మానుకోలేదు.

గర్వపడటం పౌరుడి విధా? రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్ని వెదికి చూశాను. ఇప్పుడవి పదకొండు. జెండాని గౌరవించమన్నారు, ఉమ్మడి సంస్కృతిని కాపాడమన్నారు, సోదరభావం పెంచమన్నారు, స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాల్ని వదలమన్నారు. గర్వపడమని ఎక్కడా లేదు. రాసినవాళ్లకి తెలుసు, పని చెయ్యమని ఆజ్ఞాపించొచ్చు గానీ మనసుకి ఆజ్ఞాపించలేమని.

ఇన్నాళ్లకి పైడిమర్రి వారి ప్రతిజ్ఞ మళ్లీ తీసి నెమ్మదిగా చదివాను. చిన్నప్పుడు గుక్కతిప్పుకోకుండా చెప్పేసిన చోట ఈసారి ఆగాను. ఆయన గర్వపడింది దేశానికున్న బలం చూసి కాదు, రకరకాలుగా ఉన్న వారసత్వాన్ని చూసి. ఆ వెంటనే వచ్చే వాక్యంలో, దానికి తగినవాడిని కావడానికి ఎప్పుడూ కష్టపడతానని ఉంది. అంటే ఆ గర్వానికి నేను ఇంకా అర్హుణ్ణి కాలేదని ఒప్పుకున్నట్టే. రోజూ పొద్దున అంత వినయంగా మాట్లాడించారు మాచేత, మేము గట్టిగా అరిచి క్లాసుకి పరుగెత్తాం.

పాపకి ఇదంతా ఎలా చెప్పాలో తెలియలేదు. "నువ్వు లేస్తావా, కూర్చుంటావా?" అని మాత్రం అడిగాను. "నేను లేస్తాను. వాణ్ణి ఎవరైనా ఏడిపిస్తే మాత్రం టీచర్‌కి చెప్తాను" అంది. ఈసారి ఆగస్టు పదిహేనుకి పులిహోర మా ఇంటి వంతు. అన్నగారిని పిలవడానికి నేనే వెళ్తాను. ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగితే, కారంచేడు నుంచే మొదలుపెడతాను.