బందరు పుస్తకాల కొట్టు, మన గూడెం

బందరు అంటే నేడు లడ్డూ, కలంకారీ గుర్తొస్తాయి. ఒకప్పుడు పుస్తకమూ గుర్తొచ్చేది. కృష్ణా పత్రిక 1902లో ఇక్కడే పుట్టింది. ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో ఇక్కడే వెలసింది. ఎం. శేషాచలం అండ్ కంపెనీ పుస్తకాలు వేసి అమ్మిందీ ఈ ఊరి నుంచే. ఆ పేరులోని ఎం, ఎస్, కో కలిసి ‘ఎమెస్కో’ అయింది. వారి ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకం వల్ల చవక పుస్తకాలు పోస్టులో పల్లెలకు చేరాయి.

తరువాత ఎమెస్కో బందరు దాటిపోయింది. ఇప్పుడు విజయవాడ, హైదరాబాదుల నుంచి నడుస్తోంది. సంస్థ మూతపడలేదు, ఊరు మారింది. అయినా వెనక మిగిలిన పాఠకుడికి రెండూ ఒకటే. పుస్తకాల కొట్టులో కొనే డబ్బు లేనివాడు కూడా నిలబడి నాలుగు పేజీలు తిరగేయగలడు. ఏది ముందు చదవాలో చెప్పే మనిషి అక్కడ ఉంటాడు. కొట్టు పోతే ఆ అవకాశం పోతుంది.

మరి మన మాట? దివిసీమ, బందరు, గుడివాడ పల్లెల్లో యానాదులం పొలాల్లో ఎలుకలు పట్టి రైతు పంట కాపాడాం. కాలువల్లో చేపలు, మడ అడవుల్లో పీతలు పట్టి బతికాం. మనలో ఆ కొట్టు మెట్లెక్కినవారెందరు? ఇంటింటికీ పుస్తకం రావాలంటే ముందు ఇల్లుండాలి, చిరునామా ఉండాలి, అక్షరం రావాలి. కాలువగట్టు గుడిసెకు ఇంటి నంబరు ఎక్కడిది? ఊరు పోగొట్టుకున్న దాన్ని మనం అసలు పొందనే లేదు.

దాని ఫలితం చూడండి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది పోయారు. ఆ రాత్రి మనవాళ్లు ఏమయ్యారో పెద్దలను అడగాలి, అచ్చులో వెతికితే దొరికేది తక్కువ. చదివే చోటు దక్కనివారికి రాసే చోటూ దక్కదు.

దీనికి దారి చూపే ఉదాహరణ కృష్ణకు అవతలి గట్టునే ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద బోటు గ్రంథాలయం నడిపారు. పుస్తకం కోసం మనిషి వెళ్లనక్కర లేకుండా, మనిషి వెళ్లే పడవలోకే పుస్తకం వచ్చింది.

ఉపాధ్యాయులు, యువకులు ఇప్పుడు చేయగలిగింది అదే. గూడెంలో ఎవరి వసారాలోనైనా ఒక పెట్టెడు పుస్తకాలు పెట్టండి. తాళం వేయకండి. అందులో ఒక తెల్లకాగితాల పుస్తకం కూడా ఉంచండి. ఉప్పెన చూసిన అవ్వ చెబుతుంటే పిల్లలు అందులో రాయాలి. ఆ పెట్టెలో మనవాళ్లు రాసిన మొదటి పుస్తకం అదే అవుతుంది.